బల్లమీది సూర్యుడు

వెనుకటి దినములలో మన యిండ్లలో నుండిన రేడియోల వెనుకపలక తీసి చూచినవారికి లోపల చిన్న చిన్న గాజుకుప్పెలు ఎఱ్ఱగా వెలుగుచు కనబడెడివి. వానినే వాల్వు లనిరి. ఒక్కొక్క కుప్పెలోని గాలిని తీసివేసి, నడుమ సన్నని తీగను కాచి, దానిచుట్టు ఒక తీగజల్లెడను, దాని కావల నొక రేకును అమర్చి, ఈ మూడింటికిని వేఱువేఱు వోల్టేజీల నిచ్చి, వేడితీగనుండి వెడలు ఎలక్ట్రానులను తమకు కావలసినట్లు నడపుట ఆ వాల్వుల పని. ట్రాన్సిస్టరు వచ్చిన పిదప ఈ కుప్పెలు మూలబడినవి. కాని యిట్టి కుప్పెను పోలిన పరికరములో, బల్లమీద పెట్టదగినంత పరిమాణములో, సూర్యుని వెలిగించు క్రియనే జరిపించవచ్చునని నమ్మి, జరిపించి చూపినవాడొకడు కలడు. ఆయన టెలివిజను నిర్మాతలలో అగ్రగణ్యుడైన ఫైలో ఫార్న్స్‌వర్తు. ఆయన కథయు, ఆయనకు ముందును వెనుకను చిన్న ప్రయోగశాలలలో ఇదే పనికి పూనుకొన్నవారి కథయు నేటి ప్రసంగమునకు విషయము.

పరమాణుశక్తి యనగానే మనకు స్ఫురించునది యురేనియము. బరువైన కేంద్రకము రెండుగా చీలునప్పుడు వెలువడు శక్తి యది; ఆ క్రియను విచ్ఛిత్తి యందురు. దానికి విలోమమైన క్రియ మఱియొకటి కలదు. తేలికైన రెండు కేంద్రకములు కలిసి ఒక్కటి యగునప్పుడును శక్తి వెలువడును. దీనిని సంలీన మందురు. 1920లో ఆస్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కేంబ్రిడ్జిలో పరమాణువుల బరువులను సూక్ష్మముగా కొలిచి చూడగా, నాలుగు ఉదజని పరమాణువుల మొత్తము బరువుకంటె ఒక్క హీలియము పరమాణువు బరువు ఇంచుక తక్కువగా నున్నట్లు తేలినది. వెయ్యింట ఏడువంతులు తక్కువ. తగ్గిన ఆ బరువే శక్తిగా మారి సూర్యుని వెలిగించుచున్నదని అదే సంవత్సరమున ఎడింగ్టన్ సూచించెను. 1934లో రూథర్‌ఫోర్డు, ఓలిఫాంటు, హార్టెక్కు అనువారు కేంబ్రిడ్జిలోనే భారోదజని కేంద్రకములను భారోదజనిమీదికే విసరి, అవి సంలీనమగుటను ఋజువు చేసిరి.

ఈ సంవత్సరమును శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. సంలీనమును జరిపించుట 1934 నాటికే మనుష్యునికి సాధ్యమైనది. జరిపించుట వేఱు, దానినుండి లాభము తీయుట వేఱు. లక్ష కేంద్రకములను విసరినచో ఏ ఒక్కటియో గురికి తగులును. తక్కినవాని పరుగునకు వెచ్చించిన విద్యుత్తంతయు వ్యర్థము. నూఱు రూపాయలు పెట్టి పైసా సంపాదించు వ్యాపార మిది. ఈ భేదమును మఱచినవారును, తెలిసియు ప్రజలకు చెప్పనివారును ఈ చరిత్రలో పలుమారులు తలవంచుకొనవలసి వచ్చినది.

రెండు కేంద్రకములును ధనవిద్యుత్తు కలవి గనుక ఒకదాని నొకటి వెనుకకు త్రోసికొనును. ఆ త్రోపును దాటి అవి కలియవలెనన్న మహావేగముతో ఢీకొనవలె. వాయువునందు కణముల వేగమనగా వేడియే. సూర్యగర్భమున వేడి 1.5 కోట్ల డిగ్రీలు. భూమిమీద ఆ వేడి చాలదు. ఇది వినుటకు వింతగా నుండును. నిజమునకు సూర్యగర్భమునందలి ఒక ఘనమీటరు పదార్థము పుట్టించు శక్తి 300 వాట్లకు మించదు. అంతే ఘనపరిమాణముగల మనుష్యశరీరములు పుట్టించు వేడిమి అంతకంటె అధికము. సూర్యభగవానుని ప్రతాపమంతయు ఆయన పరిమాణమున నున్నది. అంత పెద్ద కుంపటిని మనము కట్టజాలము. కావున త్వరగా కలియు ఇంధనమును, అనగా భారోదజనిని, దానికంటెను బరువైన ట్రిటియమును తీసికొని, 10 కోట్ల డిగ్రీలకు పైగా వేడిచేయవలసి యున్నది.

ఈ అంకెను విని బెదరనక్కరలేదు. ఒక్క కేంద్రకమును 10,000 వోల్టులగుండ పరుగెత్తించినచో దానికి కలుగు శక్తి 11 కోట్ల డిగ్రీల వేడికి సరిపోవును. పాత టెలివిజనుల చిత్రనాళములలో ఇంతకంటె ఎక్కువ వోల్టేజి యుండెడిది. టెలివిజనులతో జీవితము గడపిన ఒక మనుష్యునికే ఈ మార్గము తోచుట వింత కాదు.

ఆయనకు ముందు మఱి యిద్దరిని స్మరింపవలె. 1938లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, లాంగ్లీ అనుచోట, విమానముల రెక్కలను గాలిసొరంగములలో పరీక్షించు ప్రభుత్వ పరిశోధనాలయమొకటి యుండెను. అందు పేరుపొందిన ఇంజనీరు ఈస్ట్‌మన్ జేకబ్సు. అతని చేతిక్రింద ఆర్థర్ కాంట్రోవిట్జ్ అను యువకుడు. సూర్యశక్తిని గూర్చి హాన్స్ బేతే మొదలగువారు అప్పుడే వ్రాయుచున్న సంగతులను చదివి, వీరిద్దరును తామును ఆ పని చేయుదమని సంకల్పించిరి. పైవారికి ఉన్నదున్నట్లు చెప్పినచో విమానములకును సూర్యునకును ఏమి సంబంధమని అడుగుదురేమో యని శంకించి, తమ యంత్రమునకు విసరణ నిరోధకమని అర్థము వచ్చు పేరు పెట్టిరి. కార్యాలయములలో పనిచేసినవారికి ఈ యుపాయము క్రొత్తది కాదు. కంకణమువలె గుండ్రముగా వంచిన లోహపుగొట్టము; దాని చుట్టును తీగచుట్టలు; వానివలన లోపల అయస్కాంతక్షేత్రము; గొట్టములో పలుచని ఉదజని; దానిని వేడిచేయుటకు రేడియో తరంగములు. ఊరికి వచ్చు విద్యుత్తునే వాడవలెను గనుక, పగలు వాడినచో ఊరివారికి లోటగునని, అర్ధరాత్రి వేళలందు ప్రయోగములు చేసిరి. లోపలి వాయువు వెలిగినది గాని, కోరిన వేడి పుట్టినచో కనబడవలసిన ఎక్సుకిరణముల జాడ కనబడలేదు. ఇంతలో పై అధికారికి సంగతి తెలిసి పని నిలిచిపోయెను. కాంట్రోవిట్జ్ తరువాత అనేక రంగములలో పేరుపొంది, హృద్రోగులకు తోడ్పడు పంపు నిర్మాణమునందును పాల్గొనెను. ఆ రాత్రులలో వారు కట్టిన కంకణాకారమే ముప్పది యేండ్లకు ప్రపంచమంతట వ్యాపించిన యంత్రముల యాకారము.

యుద్ధానంతరము ఇంగ్లండులో జి. పి. థామ్సన్, మోజెస్ బ్లాక్‌మన్ అనువారు 1946లో ఇట్టి యంత్రమునకే పేటెంటు కోరిరి. కాని లోకము దృష్టి నాకర్షించినది ఇంగ్లండు గాదు, అర్జెంటీనా. 1951 మార్చి 24వ తేదీన ఆ దేశాధ్యక్షుడు పెరోన్ పత్రికలవారిని పిలిచి, తమ దేశమున సంలీనశక్తి సాధింపబడినదని ప్రకటించెను. ఆండీసు పర్వతముల ప్రక్క, నాహుయెల్ హువాపి సరస్సులో, హుయెముల్ అను చిన్న దీవి కలదు. అచ్చట రొనాల్డ్ రిఖ్టర్ అను శాస్త్రజ్ఞునకు ప్రభుత్వము ధనమును, సైనికులను, సిమెంటును లెక్కచూడక యిచ్చెను. ఇకమీదట శక్తిని పాలసీసాలవలె అరలీటరు, లీటరు పాత్రలలో అమ్ముదురని పెరోన్ చెప్పెను. శక్తిలేక పరదేశములపై ఆధారపడు దేశమునకు ఈ మాట ఎంత తీపిగా నుండునో మనము ఊహించుకొనగలము. 1952లో బల్సెయిరో మొదలగు అర్జెంటీనా శాస్త్రజ్ఞులే దీవికి వెళ్లి పరీక్షించి, అచ్చట సంలీనము జరిగిన చిహ్నమేదియు లేదని నిర్భయముగా నివేదిక యిచ్చిరి. పని నిలిచినది. తమ ప్రభుత్వము గర్వముగా చాటిన విషయమును తామే కాదనుటకు కావలసిన ధైర్యము సామాన్యమైనది కాదు. ఈ కథలో నాకు పూజ్యులు వారే. మూడేండ్లకు ఆ ఊరిలోనే, బరిలోచేలో, స్థాపింపబడిన భౌతికశాస్త్ర విద్యాలయమునకు పిదప బల్సెయిరో పేరే పెట్టిరి.

అబద్ధమునుండియు ఒక్కొక్కప్పుడు నిజము పుట్టును. పెరోన్ ప్రకటన వార్తను విని, ఆ దినములలోనే మంచుకొండలమీద స్కీయింగుకు వెళ్లిన లైమన్ స్పిట్జర్ అను ప్రిన్స్‌టన్ ఖగోళశాస్త్రజ్ఞుడు, రిఖ్టర్ చెప్పినది అసాధ్యమని తలచి, సాధ్యమైన మార్గమేదియని తీగపై నడచు కుర్చీలో కూర్చుండి యోచించెనట. అమెరికా సంలీన పరిశోధనకు అది యొక ప్రారంభము. లాస్ అలమాస్‌లో జేమ్స్ టక్ అనునతడు తన చిన్న యంత్రమునకు పెర్హాప్‌సట్రాన్ అని పేరు పెట్టెను. బహుశః పనిచేయునేమో యని దాని భావము. శాస్త్రజ్ఞులు తమ యంత్రములకు పెట్టిన పేర్లలో ఇంత నిజాయితీ గల పేరు మఱియొకటి నాకు తెలియదు.

1955 ఆగస్టులో జెనీవాలో పరమాణుశక్తి శాంతియుత వినియోగములపై మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగినది. అధ్యక్షులు మన హోమీ భాభాగారు. రాబోవు రెండు దశాబ్దములలో సంలీనశక్తిని అదుపులో పెట్టి విడుదల చేయు పద్ధతి దొరకునని వారు అధ్యక్షోపన్యాసమున జోస్యము చెప్పిరి. దానికి కావలసిన భారోదజని సముద్రములలో అంతులేనంత యున్నది, ఇంధనపుచింత యుండదు. క్రొత్తగా స్వాతంత్ర్యము పొందిన దేశముల ప్రతినిధు లందఱు ఆ మాటను విని ఉప్పొంగిరి. 1975 వచ్చినది, వెళ్లినది. భాభాగారు 1966లోనే విమానప్రమాదమున మరణించిరి.

ఆ 1955లోనే ఇంగ్లండునందలి హార్వెల్‌లో జాన్ లాసన్ అను ఇంజనీరు నిరాడంబరముగా ఒక లెక్క వేసెను. తోటి శాస్త్రజ్ఞుల యుత్సాహము హద్దు మీరుచున్నదని ఆయనకు తోచినది. లాభము రావలెనన్న మూడు సంగతులు చూడవలెనని ఆయన చూపెను: వాయువు ఎంత వేడిగా నున్నది, ఎంత దట్టముగా నున్నది, ఆ వేడిని ఎంతసేపు నిలుపుకొన్నది. ఈ మూడింటిలో ఏది లోపించినను తక్కిన రెండు హెచ్చియు ప్రయోజనము లేదు. మూడవది చిన్న యంత్రములకు గొడ్డలిపెట్టు. చిన్నగిన్నెలో పోసిన పాలు చిటికెలో చల్లారును. పెద్దకాగులో పాలు రాత్రివఱకు గోరువెచ్చగా నుండును. వేడి యుండునది లోపలి పరిమాణమునందు, పోవునది పైతలమునుండి. గిన్నె చిన్నదైనకొలది లోపలికంటె పైతలము పాలు హెచ్చును. పెరటిలో పాలు కాచు ఇల్లాండ్ర కందఱకును తెలిసిన ఈ సంగతియే సంలీన యంత్రములను నానాటికి పెద్దవి చేసినది.

లాసన్ హెచ్చరిక మఱుగునపడియుండగా, 1958 జనవరి 25న హార్వెల్ వారు జీటా అను తమ యంత్రమునుండి న్యూట్రానులు వెలువడుచున్నవని ప్రకటించిరి. అవి సంలీనపు వేడివలన పుట్టినవనుట నూటికి తొంబది పాళ్లు నిశ్చయమని సర్ జాన్ కాక్రాఫ్టు పత్రికలవారితో ననెను. లండను పత్రికలు సముద్రజలముతో దీపములు వెలిగించినవి. మే నెల నాటికి ఆ మాటను వెనుకకు తీసికొనవలసి వచ్చినది. న్యూట్రానులు నిజమే, కాని అవి వేడివలన గాక, అస్థిరత్వముచేత కొన్ని కణములు మాత్రము విపరీతవేగము పొంది ఢీకొనుటవలన పుట్టినవి. 1934 నాటి పనియే మఱల జరిగినది, అంతే.

ఇక ఫార్న్స్‌వర్తు. ఆయన 1906లో అమెరికాలోని యూటా రాష్ట్రమున రైతుకుటుంబమున జన్మించెను. ఐడహోలో పొలము దున్నుచు, వరుసవెంబడి వరుసగా సాగిపోవు చాళ్లను చూచి, బొమ్మను కూడ ఇట్లే గీతలుగా విడదీసి విద్యుత్తు ద్వారా పంపవచ్చునని 14 ఏండ్ల వయస్సున నూహించెననుట ప్రసిద్ధము. తన బడి పంతులుగారికి నల్లబల్లమీద ఆ పథకమును గీసి చూపెను. 1927 సెప్టెంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఇరువదియొక్క యేండ్ల వయస్సున, కదలు యంత్రభాగము లేమియు లేని టెలివిజనుపై ఒక గీతను పంపి చూపెను. ఆ కాలపు మహాసంస్థ యొకటి తనదే మొదటి హక్కని వాదింపగా, ఆ పంతులుగారు దాచియుంచిన బాలుని బొమ్మయే సాక్ష్యమునకు వచ్చినది. తీర్పు ఫార్న్స్‌వర్తు పక్షమున వచ్చినది. ధనము మాత్రము ఆయనకు దక్కలేదు. యుద్ధకాలమున టెలివిజను నిలిచిపోయినది. యుద్ధము ముగిసిన కొలదికాలమునకే ఆయన పేటెంట్ల గడువు ముగిసినది. 1949లో కంపెనీ ఐటీటీ యను సంస్థ వశమైనది. 1957లో అమెరికా టెలివిజనులో, వచ్చిన అతిథి రహస్యమును కనిపెట్టవలసిన వినోద కార్యక్రమమున ఆయన కూర్చుండెను. నేను టెలివిజనును కనిపెట్టితిని అనునదే ఆయన రహస్యము. టెలివిజనువలన జీవించు ఆ నలుగురును కనిపెట్టలేకపోయిరి. ఆయనకు బహుమానముగా 80 డాలర్లు ఇచ్చిరి.

పూర్వము టెలివిజనుకొఱకు తాను నిర్మించిన ఒకానొక వాల్వులో, ఎలక్ట్రానులు అటునిటు దుముకుచున్నప్పుడు, గాజుగోడలకు తాకక, సరిగా నడుమ నొక వెలుగుచుక్క నిలిచియుండుట ఆయన చూచెనని చెప్పుదురు. గోడలకు తాకని వేడి! సంలీనపరిశోధకు లందఱు అయస్కాంతములతో సాధింపజూచుచున్నది ఇదియే గదా. 1960 ప్రాంతమున ఐటీటీ వారి ఫోర్ట్‌వేన్ ప్రయోగశాలలో, కొద్దిమంది సహాయకులతో, కొద్దిపాటి ధనముతో ఆయన పని ప్రారంభించెను. 1962లో పేటెంటునకు దరఖాస్తు పెట్టగా 1966 జూనులో లభించినది. పరికరము పేరు ఫ్యూజర్.

దాని యమరిక రేడియో వాల్వునకు దగ్గఱిచుట్టము. ఒక లోహగోళము. అందలి గాలిని పంపుతో తోడివేసి అతి పలుచగా భారోదజనిని వదలుదురు. గోళము నడుమ సన్నని తీగలతో అల్లిన చిన్న బుట్టవంటి గోళమొకటి వ్రేలాడును. ఆ బుట్టకు అనేక వేల వోల్టుల ఋణవిద్యుత్తు నిత్తురు. ధనవిద్యుత్తుగల భారోదజని కేంద్రకములు అన్ని దిక్కులనుండియు బుట్టవైపునకు పడును. బుట్ట తీగలమధ్య ఖాళీయే ఎక్కువ గనుక చాలవఱకు తీగలకు తాకక లోపలికి దూసికొనిపోయి నడిబొడ్డున కలియును. కలియనివి అవతలికి పోయి, వేగము తగ్గి, మఱల వెనుకకు పడును. బావిలో ఊయెలవలె అటునిటు నూగుచుండును. గాజుకిటికీలోనుండి చూచినచో బుట్ట నడుమ ఊదారంగు నక్షత్రమొకటి, దానినుండి తీగల సందులగుండ కిరణములు చిమ్ముచు కనబడును. అయస్కాంతములు లేవు, పెద్దభవనములు లేవు.

1960ల నడుమ రాబర్ట్ హిర్ష్ అను యువశాస్త్రజ్ఞుడు ఫార్న్స్‌వర్తుతో చేరెను. వీరి పరికరము సెకనుకు వందలకోట్ల న్యూట్రానులను వెదజల్లినది. 1967లో హిర్ష్ దానిని శాస్త్రపత్రికలో ప్రకటించెను. చిన్న పరికరమునకు అది యాశ్చర్యకరమైన సంఖ్యయే. కాని ఇంటిఖర్చు చూచుకొను గృహస్థువలె లెక్కవేసి చూతము. ఒక్కొక్క సంలీనమున వెలువడు శక్తి యత్యల్పము. వందలకోట్ల న్యూట్రానులనగా వాటులో నూఱవవంతు, మహా యైనచో కొన్ని నూఱవవంతులు. టార్చిలైటు బల్బు కూడ వెలుగదు. దానికి పెట్టిన విద్యుత్తు వేలకొలది వాట్లు.

లోప మెచ్చట నున్నది? బుట్ట తీగలు ఎంత సన్ననివైనను, ఒక కేంద్రకము పదిమారులు, నూఱుమారులు అటునిటు తిరుగునప్పుడు ఏదో యొకమారు తీగకు తగులకపోదు. తగిలినదంతయు నష్టము. అంతకంటె మూలమైన చిక్కు మఱియొకటి. రెండు కేంద్రకములు ఎదురుపడినప్పుడు అవి కలియుటకంటె ప్రక్కకు చెదరుటయే అనేక రెట్లు ఎక్కువ సంభవము. చెదరిన కేంద్రకము తన వరుసను కోల్పోవును. 1995లో టాడ్ రైడర్ అను విద్యార్థి మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసమున, కణములను ఇట్లు క్రమములో నిలుపుటకే పుట్టు శక్తికంటె ఎక్కువ శక్తి కావలసివచ్చునని విపులముగా చూపెను. దానికి ప్రత్యుత్తరము చెప్పజూచినవారు కలరు. బుట్టకు మాఱుగా అయస్కాంతములతో ఎలక్ట్రానులను పట్టి, తీగలే లేకుండ చేయవలెనని రాబర్ట్ బుసార్డు 2007లో మరణించువఱకు అమెరికా నౌకాదళపు ధనముతో శ్రమించెను. లాభముతో నడచిన యంత్రము మాత్రము నేటివఱకు రాలేదు.

ఐటీటీ వారు ఈ పనికి ధనమిచ్చుట మానిరి. 1967లో ఫార్న్స్‌వర్తు యూటాకు మరలివచ్చి, అచ్చటి విశ్వవిద్యాలయపు ఆశ్రయమున, తన వాటాలమ్మి, జీవితబీమా సొమ్మును కూడ తీసి, పరిశోధన సాగింపజూచెను. చాలలేదు. 1971 మార్చి 11న, 64 ఏండ్ల వయస్సున, న్యుమోనియాతో మరణించెను. చిత్రమేమనగా, ఆయన శిష్యప్రాయుడైన హిర్ష్ మరుసటి యేడే అమెరికా ప్రభుత్వ సంలీన పరిశోధనశాఖకు అధిపతియై, తాను పనిచేసిన చిన్న గోళమునకు గాక, రష్యావారి కంకణాకార యంత్రములకు ధనమును మరలించెను. దానిని గురుద్రోహ మనలేము. 1968లో రష్యా శాస్త్రజ్ఞుడు ఆర్ట్సిమోవిచ్ తమ టోకమాక్ యంత్రమున కోటి డిగ్రీల వేడి సాధించితిమని చెప్పగా, 1969లో ఆంగ్లేయులే మాస్కోకు పోయి లేసరు కిరణములతో కొలిచి నిజమని సాక్ష్యమిచ్చిరి. లెక్కలు చూచినవా డెవడైనను హిర్ష్ చేసినట్లే చేసియుండును. అదే హిర్ష్ 2015లో, ఆ పెద్దయంత్రములు విద్యుత్తును చవుకగా ఈయజాలవు, మార్గము మార్చుకొనుడు అని వ్రాసెను.

చిన్నపరికరముల కథ ఇంతటితో ముగియలేదు. 1989 మార్చి 23న, యూటా రాష్ట్రముననే, ఫ్లైష్‌మన్, పోన్సు అను రసాయనశాస్త్రజ్ఞులు పల్లాడియము కడ్డీని భారజలములో ముంచి విద్యుత్తును పంపినంతనే వేడి పుట్టుచున్నదని, అది సంలీనమేనని ప్రకటించిరి. ఇక్కడ గోళము కూడ అక్కరలేదు, గాజుగ్లాసు చాలును! ప్రపంచమంతట ప్రయోగశాలలవారు పల్లాడియముకొఱకు పరుగెత్తిరి. మన ట్రాంబే పరమాణు కేంద్రమువారు కూడ న్యూట్రానులు, ట్రిటియము కనబడినవని ఆ యేడు ప్రకటించిరి. కాని పెక్కుచోట్ల ప్రయోగము మఱల ఫలింపలేదు. పుట్టినదనుచున్న వేడికి తగినన్ని న్యూట్రానులు నిజముగా వెలువడియుండినచో దగ్గఱ నిలిచినవారు బ్రదికియుండరని విమర్శకులు చమత్కరించిరి. ఆ నవంబరులోనే అమెరికా ప్రభుత్వపు సంఘము ఈ వాదమునకు తగిన ఋజువు లేదని తేల్చినది. అటుతరువాత చాలకాలము చిన్నబల్లమీద సంలీనమని నోరెత్తినవానిని శాస్త్రజ్ఞులు అనుమానముతో చూచిరి. నా యభిప్రాయమున ఆ ప్రకటన చేసిన పెద్దనష్ట మదియే. 2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు లిథియం టాంటలేటు స్ఫటికమును కొంచెము వేడిచేసి, అందు పుట్టిన వోల్టేజితోనే భారోదజనిని సంలీనము చేయగలిగిరి. వారు మొదటనే ఇది శక్తి నిచ్చునది కాదని చెప్పిరి. ఎవరును అనుమానింపలేదు.

ఫార్న్స్‌వర్తు గోళమునకు నేడు వృత్తి దొరకినది. న్యూట్రానులు కావలసినవారు అనేకులు కలరు. మూసిన పెట్టెలలో ప్రేలుడు పదార్థములను కనిపెట్టుటకు, కొలతసాధనములను సరిచూచుటకు ఇది పనికివచ్చును. స్విచ్చి ఆపినచో ఆరిపోవును. రేడియము మొదలగు మూలకములవలె రాత్రింబగళ్లు కిరణములు విడువదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు ఏండ్లకొలది దీనిపై పనిచేసిరి. 1990ల చివరినుండి అమెరికాలో ఔత్సాహికులు తమ ఇండ్లలోనే ఫ్యూజరులను కట్టుచున్నారు. 2008లో 14 ఏండ్ల బాలుడొకడు కట్టెను. వారి పరికరములు సెకనుకు పదిలక్షల న్యూట్రానులు పుట్టించినను, అది వాటులో పదిలక్షలవ వంతు శక్తి మాత్రమే. ఈ ప్రసంగము విని మన యిండ్లలో పిల్లలెవరైన ఉత్సాహపడుదురేమో, పెద్దలు కనిపెట్టియుండవలె. దీనికి కావలసిన వోల్టేజి తాకినవానిని తక్షణము చంపును. గాజుకిటికీనుండి ఎక్సుకిరణములు కూడ వెలువడును.

మన దేశమున ఈ విద్య ఆలస్యముగా నైనను గట్టిగా నాటుకొన్నది. గుజరాతులోని గాంధీనగర్ సమీపమున ప్లాస్మా పరిశోధన సంస్థ 1986లో ఏర్పడినది. 1989లో అచ్చటివారు స్వదేశమున నిర్మించిన ఆదిత్య అను టోకమాక్ పని ప్రారంభించినది. పేరునకు సూర్యుడే గాని కంకణపు వ్యాసార్ధము 75 సెంటీమీటర్లు మాత్రమే. ఒక గదిలో పట్టును. ఆ చిన్నయంత్రముమీద చేయి తిరిగినవారే, 2005లో మనదేశము ఫ్రాన్సున కట్టుచున్న ఐటర్ అను మహాయంత్రమున భాగస్వామి కాగా, ఆ పనికి ఆధారమైరి. చిన్న ప్రయోగములవలన కలుగు లాభ మిట్టిది. విద్యుత్తు పుట్టకపోవచ్చును, మనుష్యులు తయారగుదురు. ఇంధనము విషయమున తెలుగుదేశమునకును సంబంధము కలదు. తెలంగాణములోని మణుగూరు భారజలకర్మాగారము 1991నుండి గోదావరి నీటినుండి భారజలమును వేఱుచేయుచున్నది. అది నేటి విచ్ఛిత్తి కేంద్రములకు ఉద్దేశింపబడినదైనను, భారోదజనికి పుట్టినిల్లు భారజలమే. నీటిలో ఉదజని పరమాణువులు ఆఱువేలకు పైగా నున్నచోట భారోదజని యొక్కటి యుండును. ఒక లీటరు నీటిలోని భారోదజని యంతయు సంలీనమైనచో సుమారు 300 లీటర్ల పెట్రోలుతో సమానమగునని లెక్క.

పెద్ద యంత్రములు ఇటీవల ముందంజ వేసినవి. 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలో లేసరు కిరణములతో చిన్నగోళీమీద 2.05 మెగాజౌళ్ల శక్తి వేయగా 3.15 మెగాజౌళ్లు వచ్చినది. పెట్టినదానికంటె ఎక్కువ వచ్చుట అదియే మొదలు. అయినను ఆ లేసరులను నడపుటకు గోడనుండి తీసికొన్న విద్యుత్తు సుమారు 300 మెగాజౌళ్లని కూడ చెప్పవలె. పత్రికలలో ఈ రెండవ అంకె తఱచు కనబడదు. 2023లో ఇంగ్లండునందలి జెట్ యంత్రము అయిదు సెకనులకు పైగా నడచి 69 మెగాజౌళ్ల సంలీనశక్తి నిచ్చి, ఆ సంవత్సరాంతమున విశ్రమించినది. ఐటర్ ప్రయోగములు 2034కు ముందు ప్రారంభము కావని 2024లో దాని నిర్వాహకులు ప్రకటించిరి. ఈ ఆలస్యమును చూచి, చిన్నయంత్రములతో త్వరగా సాధింతుమని ప్రైవేటు కంపెనీలు అనేకము బయలుదేరినవి. వానిలో ఇంగ్లండు కంపెనీ యొకటి 2022లో తన చిన్న టోకమాక్‌లో 10 కోట్ల డిగ్రీల వేడి సాధించినది. క్రొత్తరకపు అయస్కాంతములు తక్కువచోటున ఎక్కువ బలము నిచ్చుచున్నవి గనుక, పాలగిన్నె చిన్నదైనను దానికి మందమైన దుప్పటి కప్పినట్లగును. వీరి ఆశకు ఆధార మదియే. తేదీలు చెప్పువారు పెక్కండ్రు. లాసన్ చెప్పిన మూడు అంకెలను ఒక్కమారుగా చెప్పువారిని నేను వినగోరుచున్నాను.

2025లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమువారు చాలకాలముగా ఎవరును తాకుటకు సాహసింపని పల్లాడియమును మఱల బల్లమీదికి తెచ్చిరి. ఒకవైపునుండి విద్యుత్ద్వారా భారోదజనిని ఆ లోహములో దట్టముగా నింపి, రెండవవైపునుండి వోల్టేజితో భారోదజని కేంద్రకములను దానిమీదికి విసరిరి. అనగా 1989 నాటి గ్లాసును, 1934 నాటి కేంబ్రిడ్జి ప్రయోగమును ఒక్కచోట కూర్చిరి. లోహములో ఇంధనము నిండినందువలన సంలీనములు సగటున నూటికి 15 పాళ్లు హెచ్చినవి. వారు కొలిచినది వేడిని గాదు, న్యూట్రానులను. పరికరమునకు పెట్టినది 15 వాట్లు, వచ్చినది వాటులో నూఱుకోట్లవ వంతు. ఈ రెండు అంకెలను వారే స్వయముగా ప్రకటించిరి. ఆ పరికరము మొత్తము ఒక బల్లమీద పట్టును.